ఒక్కరు చాలు

"గిన్నెలు తోమే బేసిన్‌లో చేతులు కడుగుతావేమిటే? మా వాళ్ళకది మైలని ఇరవై ఏళ్ళుగా చెబుతున్నాను, ఇంకెప్పుడు వంటబడుతుంది నీకు?"

డెలైలా కోడల్ని కేకలేస్తుండగానే కౌన్సిల్ ఆఫీసర్ కారు గేటు ముందు ఆగింది. కోడలు జానిస్ మైలపడ్డ ఆ బేసిన్ చెత్తలో పారేసి కొత్తది తీసింది.

ఇంగ్లండ్‌లోని కెంట్ సీమలో ఆపిల్ తోటల పక్కనున్న ఆ స్థలం వాళ్ళు కొనుక్కున్నదే. అందులో వాళ్ళు కాపురముండే కారవాన్ బండి నిలుపుకోవడానికి మాత్రం అనుమతి కావాలి. అది జిప్సీలకే ఇస్తారు. ఇంట్లో ఒక్కరైనా జిప్సీ అని తేలకపోతే నెలాఖరుకి ఖాళీ చెయ్యాలి. ముక్కుకి ఆక్సిజన్ గొట్టంతో డెలైలా మళ్ళీ రోడ్డు పక్కన బతకలేదు.

"నువ్వు నోరెత్తకు. మా సంగతి నేను చెప్పుకుంటాను," అంది కోడలితో.

ఆఫీసర్ అప్పటికే అలిసిపోయి ఉన్నాడు. టీ వద్దన్నాడు.

"ఆఖరిసారి ఎప్పుడు ప్రయాణం కట్టారమ్మా?"

"నేను పుట్టిందే బండిలో బాబూ. మా అమ్మా అంతే, అమ్మమ్మా అంతే."

"ఈమధ్య సంగతి చెప్పండి."

"ఆరేళ్ళయింది. ఈ గొట్టంతో ఎక్కడికి పోను?"

ఆయన ఏదో రాసుకుని లీవై వైపు తిరిగాడు. డెలైలా కొడుకు లీవై చెట్టు కొడుతూ జారిపడి నడుం విరగ్గొట్టుకున్నాడు. నాలుగేళ్ళుగా గేటు దాటలేదని చెప్పాడు.

"అయితే మీరిద్దరూ జిప్సీలు కాదు."

"ఊరంతా జిప్సీలనేగా మమ్మల్ని తిట్టింది. ఇప్పుడు కాదంటే ఎట్లా?" అన్నాడు లీవై.

"మీ జాతిని కాదనడం లేదయ్యా. రూల్లో జిప్సీ అంటే ఊళ్ళు తిరుగుతూ బతికేవాడు. ఆ రూలు నేను రాసింది కాదు."

డెలైలా ఆయాసంతో కళ్ళు మూసుకుంది. ఆఫీసర్ ఫైలు మూసి బయటికొచ్చాడు. అక్కడ జానిస్ వ్యాన్‌లోకి దుప్పట్ల మూటలు ఎక్కిస్తోంది.

"ఎక్కడికమ్మా?"

"సంతకి వెళ్తున్నానండీ. ఏప్రిల్ నుంచి అక్టోబర్ దాకా ఊరూరా ఇవి అమ్ముకుంటాను. పడకా వ్యాన్‌లోనే. లేకపోతే వీళ్ళిద్దరికీ ఎలా గడుస్తుంది?"

ఆయన ఫైలు మళ్ళీ తెరిచాడు. ఆమె పేరు పక్కన 'జిప్సీ' అని రాసి సంతకం పెట్టాడు.

"మీ ఇంటికి ఈమె ఒక్కరు చాలు. అనుమతి వస్తుంది."

కారు వెళ్ళిపోయింది. డెలైలాకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. కోడల్ని పిలిచి పక్కన కూర్చోబెట్టుకుని చెయ్యి పట్టుకుంది.

ఆ ముగ్గురిలో జిప్సీగా పుట్టనిది జానిస్ ఒక్కతే.