పిండి అంటిన వేళ్లు

ఆ రోజు ఇంట్లో ఉన్నది వాసవాంబ, ఆమె కోడలు కన్యక, మనవరాలు కస్తూరి, పూజగదిలో అమ్మవారు. భర్త వరదయ్య, కొడుకు ధర్మలింగం పొద్దున్నే కొట్టుకు వెళ్లిపోయారు. వెనక పోర్షన్‌లో అద్దెకున్న పుష్పవల్లిని వాసవాంబ ఇంటి మనుషుల్లో లెక్కపెట్టదు.

ఆ పుష్పవల్లే బిందె పట్టుకుని పంపు దగ్గరికి వచ్చింది.

"చేతులు చూపీ," అంది వాసవాంబ.

"ఏందమ్మా?"

"చూపీ అంటా ఉండాను గదా."

పుష్పవల్లి బిందె దించి చేతులు చాపింది. వేళ్ల సందున తెల్లగా బియ్యప్పిండి.

"ఇదేంది?"

"ఇడియాప్పానికి పిండి జల్లించినానమ్మా."

"నిన్నా అదే చెప్తివి. దినామూ ఇడియాప్పమేనా? నీ మొగుడు ఏమీ అనడా?"

పుష్పవల్లి నవ్వి, బిందె నింపుకొని వెళ్లిపోయింది. ఆ నవ్వు వాసవాంబకు లోపలెక్కడో గుచ్చుకుంది.

మద్రాసు వాషర్‌మెన్‌పేట్‌లో ఆ వీధి వరకూ ముగ్గంటే ముప్పై ఏళ్లుగా వాసవాంబ ముగ్గే. మార్గళి నెలలో, అంటే ధనుర్మాసంలో, తెల్లవారుజామున భజన చేసుకుంటూ వచ్చే జనార్దనం జట్టు, ఇంకెక్కడ ఆగినా ఆగకపోయినా, ఆమె వాకిట్లో ఆగి ఒక పాట పాడి కదిలేది.

"అమ్మవారు ముగ్గు గీత పట్టుకొని ఇంట్లోకి వస్తాది," అని ఆమె మనవరాలికి చెప్పేది. "గీత ఏడ తెగితే ఆడ నిలిచిపోతాది. గడప దాటదు."

అది ఆమెకు అత్తగారు చెప్పిన మాట. కన్యక ఆ మాట పట్టించుకోలేదు. కస్తూరి అయినా పట్టించుకుంటుందని ఆశ.

ఆ కస్తూరే దీపావళి నాడు, పంపు పక్కన పుష్పవల్లి ఊరికే వేసిన ముగ్గు చూసి, "అవ్వా, పుష్పక్క వేళ్లల్లోంచి పిండి దారం మాదిరి దిగతాది," అంది.

"నా వేళ్లల్లోంచి ఏం దిగతాది? రాళ్లా?"

కస్తూరి ఏమీ అనలేదు. అనకపోవడమే వాసవాంబకు కొన్నాళ్లపాటు అన్నం సయించకుండా చేసింది.

మార్గళి మొదలైన రోజే పుష్పవల్లిని పిలిచి చెప్పింది.

"వీధి వాకిట్లో నీ చెయ్యి పడకూడదు."

"శరి అమ్మా."

ఈ ఏడు జనార్దనం ఇంకా ఎక్కువగా మెచ్చుకున్నాడు. "ఏం చెయ్యమ్మా మీది. ఏటికేడు పడుచుదవతా ఉండాది," అన్నాడు. వాసవాంబ పొంగిపోయింది.

కానీ ఇవాళ పంపు దగ్గర చూసిన ఆ వేళ్లు. వాటికి అంటిన పిండి. తన ముగ్గును తొక్కి చెరపడానికి వస్తోందా?

మర్నాడు ముగ్గు వేసి, లోపలికి వెళ్లినట్టే వెళ్లి, తలుపు సందులోంచి చూసింది.

"మంచు జాస్తిగా ఉండాది. ఏమీ కనపడలే," అని గొణుక్కుంది.

"మంచా? ఏడుంది అత్తా?" అంది లోపల స్టవ్వుకు గాలి కొడుతున్న కన్యక.

ఇంతలో ఎవరో వచ్చి ముగ్గు మీద వంగారు.

వాసవాంబ తలుపు ధడాలున తీసింది.

"దొరికినావా. నా ముగ్గు చెరపతా ఉండావా?"

పుష్పవల్లి ఉలిక్కిపడి లేచింది. గుప్పిట మూసుకుంది.

"లేదమ్మా. చూస్తా ఉండాను."

"పిండి పట్టుకొనా చూసేది? నా వాకిలి మీద నీ ఏడుపంతా. ముప్పై ఏండ్ల పేరు నీకు కావాల్సి వచ్చిందా?"

"అట్ల కాదమ్మా."

"ఎట్లనో చెప్పు మరి."

పుష్పవల్లి ఆమె కళ్లలోకి చూసింది. చెప్పబోయింది. గడపలో నిద్రకళ్లతో నిలబడ్డ కస్తూరిని చూసి ఆగిపోయింది.

"ఏమీ లేదమ్మా. ఇంక రాను," అని తల వంచుకుని వెళ్లిపోయింది.

మరుసటి రోజు వాసవాంబ పట్టుదలగా అన్నిటికన్నా పెద్ద ముగ్గు పెట్టింది. నడుమ పేడముద్దలో గుమ్మడి పువ్వు గుచ్చింది. కస్తూరిని పక్కన నిలబెట్టుకుని ఎదురుచూసింది.

భజన జట్టు వచ్చింది. తాళాలు ఆగాయి. జనార్దనం కిందికి చూశాడు. తర్వాత కస్తూరిని చూసి నవ్వాడు.

"ఈ దినం పాపచేత వేయించినారా అమ్మా? పరవాలేదు. నేర్చుకుంటాది."

పాట పాడి, జట్టు కదిలిపోయింది.

"ఏందంటాడు ఆయన? బాగలేదా?"

"గీతలు కలవలేదవ్వా," అంది కస్తూరి మెల్లగా. "చుక్కల్ని వదిలేసి పోతా ఉండాయి."

"ఈ మంచులో..."

"మంచు లేదవ్వా."

వాసవాంబ కూర్చుంది. ముఖం నేలకు ఆనించేంతగా వంగి, ఒక్కో గీత వెంట చూపుడువేలు కదిపింది. ఇక్కడ తెగింది. అక్కడ తెగింది. గడప ముందర పూర్తిగా తెగింది.

నిన్నటిదాకా వీటిని కలిపిన చెయ్యి తనది కాదు.

పిండి డబ్బా తీసుకుని వెనక పోర్షన్‌కు వెళ్లింది. తలుపు తట్టింది. పుష్పవల్లి తీసింది. డబ్బాను చూసింది, వాసవాంబను చూసింది. ఒక అడుగు వెనక్కి వేసింది.

గీతలు కలపమని అడగడానికే వచ్చింది వాసవాంబ. ఇన్నేళ్లలో ఆమె ఎవరినీ ఏదీ అడిగింది లేదు.

"నేను రాలేదమ్మా ఈ దినం. చూడండి," అని పుష్పవల్లి రెండు చేతులూ చాపి, తిప్పి చూపించింది. ఎక్కడా పిండి లేదు.

ఆ తర్వాత, చప్పుడు కాకుండా తలుపు వేసుకుంది.