పోటుకు ఎదురుగా మడ మొక్కలు

ఏరు సముద్రంలో కలిసే చోట నూకాలు అనే ఎర్ర పీత, గంగులు అనే నీటికుక్క ఇరుగుపొరుగున బతికేవాళ్లు. ఏటేటా సముద్రం ముందుకొస్తోంది. నీళ్లు వేడెక్కి చేపలు లోతుకు పోయాయి. ఒక రోజు పోటుకు నూకాలు బొరియ మళ్లీ కూలిపోయింది.

"ఇంకేం మిగిలింది నూకాలక్కా? ఎగువకు పోదాం పద," అన్నాడు గంగులు.

పుట్టిన బురదను వదలాలంటే నూకాలుకు ఏడుపొచ్చింది. చెట్ల వేళ్లు ఒడ్డును కూలనివ్వవని, తినడానికి దాచుకున్న మడచెట్టు గింజల్ని ఒక్కొక్కటే తీసి ఒడ్డున గుచ్చింది.

"ఆకలితో చస్తూ తిండి పాతిపెడతావా?" అని గంగులు నవ్వాడు.

మర్నాటి పోటు చాలావాటిని ఊడ్చుకుపోయింది. నూకాలు మిగిలినవాటి మొదళ్లకు బురద ఎగదోస్తూనే ఉంది. అది చూసిన గంగులు ఎగువకు ఈది, నోటినిండా గింజలు తెచ్చి ఆమె ముందు పోశాడు.

వానాకాలాలు గడిచాయి. మొక్కలు వేళ్లూని ఒడ్డును పట్టుకున్నాయి. ఒక పొద్దున ఆ వేళ్ల మధ్య చేపపిల్లలు మిలమిలా మెరిశాయి.

గంగులుకు నోరూరింది. నూకాలు అతని వైపే చూసింది.

"పెరగనీ అక్కా! వీటి పిల్లలు కూడా ఇక్కడే తిరగాలి," అంటూ గంగులు ఖాళీ కడుపుతోనే పక్కకు ఈదుకుంటూ పోయాడు.