మునిగిన లాంచీలో నూకరత్నం

రిజర్వాయర్ అడుగున మునిగిపోయిన పాత లాంచీ అంటే జనానికి మహా మోజు. అలాగని నీళ్లలోకి ఎవరూ దిగరు. ఇళ్లలో కూర్చుని, ఊపిరిగొట్టంతో కూలికి దిగిన నూకరత్నం కళ్లతోనే చూస్తారు; ఆమెకు కనిపించేదే వాళ్లకూ కనిపిస్తుంది. వాళ్లు చాలు అనేదాకా ఆమె నడుముకున్న గొలుసు లాంచీని వదలదు.

పొద్దున దిగితే మధ్యాహ్నమైంది. ఒక చెవిలో ఒడ్డు మీదున్న అత్త గొంతు వినిపించింది.

"ఒసే రత్నం, పిల్లోడి ఒళ్లు కాలిపోతందే! సీసా పాలు ముట్టట్లేదు. ఎప్పుడొత్తావు?"

"ఆళ్లు వదిల్తేగా అత్తా! తడిగుడ్డ ఎయ్యి."

"నిలువునా నీళ్లలో ఉండి, తడిగుడ్డ సంగతి నాకు సెప్తావా!"

పాలు చేపుకొచ్చి నూకరత్నం రొమ్ములు సలుపుతున్నాయి. చూసేవాళ్లేమో ఇంకో చెవిలో లాంచీ వంటగదిని ఆరోసారి చూపించమంటున్నారు. ఆమె మాట ఒడ్డు దాకానే వెళ్తుంది, వాళ్లకు వినపడదు, అందేది చూపు ఒక్కటే. చూడటానికేమీ లేకపోతే వాళ్లే విసిగి చాలంటారని ఆమెకు తోచింది. గట్టిగా కళ్లు మూసుకుంది.

చూసేవాళ్లలో ఒకావిడ మురిసిపోయింది.

"అబ్బ, లాంచీ మునిగినప్పుడు లోపలివాళ్లకు ఇలాగే ఉండుంటుంది! ఇంకో గంట కళ్లు తెరవకమ్మా, మా వాళ్లందర్నీ పిలుస్తాను."

అత్త గొంతు వినిపించే చెవిలో పిల్లవాడి ఏడుపు సన్నబడుతోంది.