ఖుస్రో కలలో నా కొడుకు

పక్కింటావిడ పొద్దున్నే వచ్చి నా గడపలో కూలబడింది. "అక్కా, మావాణ్ణి హలాల్ చెయ్యి. క్షమించానని నీ నోటితో ఒక్క మాట అను."

ఇరాక్‌తో జరిగిన యుద్ధానికి ఆవిడ కొడుకు ఖుస్రో, నా యదుల్లా కలిసే వెళ్ళారు. ఖుస్రో ఒక్కడే తిరిగొచ్చాడు. నిద్రలో నా కొడుకు పేరు పెట్టి అరుస్తాడు. మా ఇంట్లోకి వినబడుతుంది.

"ఆసుపత్రిలో ఇట్లాంటి సిపాయిల మీదే పరిశోధన చేసే డాక్టరున్నాడు. జరిగింది పదే పదే చెబితే వీడికి రాత్రిళ్ళు వచ్చే ఆ కల పోతుందట. వీడేమో, 'యదుల్లాని వదిలేసి పరిగెత్తాను, వాళ్ళమ్మ హలాల్ చెయ్యందే నోరు విప్పను' అంటున్నాడు."

"నీకేమమ్మా, అరవడానికైనా కొడుకున్నాడు" అన్నాను.

"అమరుడని నీ కొడుకు పేరు ఈ సందుకు పెట్టారక్కా. నా కొడుకుని సందులో పిల్లలు పిచ్చోడంటున్నారు."

లేచి వాళ్ళింటికి వెళ్ళాను. ఖుస్రో నన్ను చూసి తల దించుకున్నాడు.

"కలలో వాడెట్లా ఉంటాడ్రా?"

"నవ్వుతుంటాడమ్మా. బూట్లలో ఇసుక దులుపుకుంటూ, ఆకలేస్తోందంటాడు."

కన్నదాన్ని నేను. వాడు నా కలలోకి ఒక్కసారీ రాలేదు. వచ్చేదంతా వీడి దగ్గరికే.

అయినా వాడి తల మీద చెయ్యి పెట్టాను. "హలాల్ చేశాన్రా నాయనా. డాక్టరు దగ్గరికి పో."

గుమ్మం దాకా వచ్చి ఆగాను.

"ఆ కల పోయేలోగా వాడు ఇంకోసారి వస్తే, 'మీ అమ్మ పక్కింట్లోనే ఉంది' అని చెప్పరా."