ఇంకా గట్టి మాట

నాటకాల క్లాసులో మా మాస్టారు గంట కొడితే, అప్పుడే అన్న మాట వదిలేసి ఇంకా గట్టి మాట అనాలి. అదీ ఆట.

ఆసుపత్రి నుంచి ఒంటరిగా ఇంటికొచ్చిన భార్య వేషం నాది. తోడు రాని మొగుడి వేషం ఆయనదే.

“పరవాలేదు లెండి. మీకు పనుందిగా.”

గంట కొట్టారు. “చప్పగా ఉంది! లోపలున్నది కక్కెయ్!”

“నాకు ఒళ్ళు మండుతోంది.”

మళ్ళీ గంట. “ఇంకా!”

“కడుపు పోయిందని డాక్టరమ్మ చెప్తుంటే, పక్క మంచం ఆవిడ చెయ్యి పట్టుకుని ఏడ్చాను. మీ ఫోను మోగీ మోగీ ఆగిపోయింది.”

క్లాసంతా చప్పట్లు. ఆయన చెయ్యి మాత్రం గంట మీదే బిగుసుకుపోయింది.

ఆ గంట లాక్కున్నాను.

“పనుండి రాలేదని మొన్న ఇంట్లో చెప్పారు. ఆ మాట చెల్లదు. ఇంకోటి చెప్పండి,” అని మా ఆయన మొహం ముందు గంట మోగించాను.