అచ్చం పాతదానిలా

“ఠీక్ నహీ తల్లీ. మళ్ళీ చెయ్యి,” అన్నాడు గణేశ్వరరావు.

సుష్మకి తల ప్రాణం తోకకొచ్చింది. ఇది పదకొండోసారి.

పోర్ట్ బ్లెయిర్‌లో, జంగ్లీఘాట్ సందులో, ఒక ప్రైవేటు ఓడల కంపెనీ టికెట్ కౌంటరు అది. ఇరవై రెండేళ్ళుగా అక్కడి కంప్యూటర్లో ఒకటే ప్రోగ్రాము. బూడిదరంగు తెర, నాలుగు గళ్ళు, నాలుగు బటన్లు. దాన్ని బ్రౌజర్లోకి మార్చే పని సుష్మకి పడింది. మారిస్తే ఏ దీవిలో ఏ కంప్యూటర్లోనైనా తెరుచుకుంటుంది. రోజూ ఓ గంటసేపు గణేశ్వరరావు కొత్తదాంతో టికెట్లు కొట్టి చూస్తాడు. పని బాగుందని కాగితం మీద సంతకం పెట్టాల్సింది ఆయనే. శుక్రవారంలోగా ఆ సంతకం రాకపోతే ఇక ఉద్యోగానికి రానక్కర్లేదని మేనేజరు సుష్మకి చెప్పేశాడు. ఇవాళ బుధవారం.

“ఈసారి ఏమైంది బాబాయ్?”

“ఎఫ్ ఫైవ్ నొక్కితే టికెట్ బయటికి రావాల. నొక్కినాను. కొట్టిందంతా తుడుచుకుపోనాది.”

“బ్రౌజర్లో ఎఫ్ ఫైవ్ నొక్కితే పేజీ మళ్ళీ మొదలవుతుంది బాబాయ్. అందుకే కదా ప్రింట్ బటన్ పెట్టాను, ఆకుపచ్చగా, ఇంత పెద్దది. మౌస్‌తో ఒక్క నొక్కు.”

“మౌస్ నాకొద్దు.”

నిజమే. ఆ మౌస్ ఆయన టిఫిన్ డబ్బా వెనక, కొన్ననాటి ప్లాస్టిక్ కవర్లోనే ఉంది. కొత్తొక వింత, పాతొక రోత అంటారు. ఈ మహానుభావుడికి మాత్రం తిరగబడింది.

మొదట్లో సుష్మ ముచ్చటపడి రంగులు పెట్టింది. సీట్లుంటే పచ్చ, లేకపోతే ఎరుపు. రంగులెవడిక్కావాలన్నాడు. పాతదానిలా సీటుంటే ఒక బీప్, లేకపోతే రెండు బీప్‌లు రావాలన్నాడు. తర్వాత పేరుకీ వయసుకీ మధ్య ఫోన్ నంబరు గడి ఒకటి చేర్చింది. ఆ రోజు హట్‌బే వెళ్ళే గవరమ్మ అనే ముసలావిడ టికెట్లో ఫోన్ నంబరు డెబ్బై ఒకటి అని పడింది. ఆ గడిని తీసుకెళ్ళి అట్టడుగున పెట్టేదాకా ఆయన ఊరుకోలేదు.

ఆ తప్పు పట్టుకుంది గవరమ్మ మనవరాలు. ఇచ్చిన ప్రతి టికెట్‌నీ ప్రయాణికుల చేత పైకి చదివించడం గణేశ్వరరావు పద్ధతి. గుర్తింపు కార్డు చాపితే తీసుకోడు. పేరు, వయసు, నంబరు నోటితో చెప్పాల్సిందే. జనం దానికి ‘రావుగారి బడి’ అని పేరు పెట్టారు. అయినా ఆ కిటికీ దగ్గరే బారులు తీరతారు. వేరే చోట్ల గుమస్తాలు తెరతో మాట్లాడతారు. ఈయన వేళ్ళు కీబోర్డు మీద పరిగెడుతుంటే ముఖం మాత్రం మన వైపే ఉంటుంది. పాతికేళ్ళ అనుభవం మరి.

అంత అనుభవం ఉన్న మనిషికి ఈ మొండితనమేమిటి? పక్క కిటికీలో డబ్బు తీసుకునే నూకన్నని అడిగింది సుష్మ.

“అర్థం కాలేదా దీదీ? ఇదొచ్చేస్తే అందరూ ఇంటికాడే ఫోన్లో టికెట్ తీసేసుకుంటారు. కుర్చీ పోతాదని డర్. అంతే,” అన్నాడు నూకన్న.

సుష్మకి ఒళ్ళు మండింది. ఆయన కుర్చీ కోసం తన ఉద్యోగం పోవాలా? విమానాశ్రయం పక్కన లంబాలైన్ పేటలో ఉన్న ఇంటికెళ్ళి, నెత్తిమీద విమానం దిగుతున్న మోతలో ఫిర్యాదు టైపు చేసింది. ‘ఈయన కావాలనే అడ్డుపడుతున్నారు. పరీక్షించడానికి వేరే మనిషిని ఇవ్వండి.’

పంపబోయి ఆగింది. జాలితో కాదు, ఓపిక లేక. ఫిర్యాదు వెళ్తే విచారణ, ఫోన్లు, మీటింగులు. వాటికన్నా కోడు మార్చడమే తేలిక.

గురువారమంతా అదే పని. ఎఫ్ ఫైవ్‌ని బ్రౌజరు చేతిలోంచి లాక్కుంది. ఎంటర్ కొడితే పక్క గడిలోకి వెళ్ళేలా చేసింది. బీప్‌లు పెట్టింది. రంగులు తీసేసింది. నేర్చుకున్న పనితనమంతా తన చేత్తోనే చెరిపేస్తుంటే ఏడుపొచ్చింది.

శుక్రవారం కౌంటరు ముందు స్కూటీ కీచుమంటూ ఆగిందో లేదో, లోపల్నుంచి కేక వినిపించింది.

“వచ్చేవా తల్లీ? ఆ బ్రేకు ఎప్పుడు బాగుచేయిస్తావు?”

సుష్మ లోపలికొచ్చింది. కొత్త ప్రోగ్రాము తెరిచి పక్కన నిలబడింది.

మొదటి ప్రయాణికుడు పేరు చెప్పాడు. గణేశ్వరరావు అతని వైపు తిరిగి కొట్టాడు. ఎంటర్. వయసు. ఎంటర్. ఒక బీప్. ఎఫ్ ఫైవ్. ప్రింటరు గరగరమంది. టికెట్ చింపి ఇచ్చాడు. అతను పైకి చదివాడు. తప్పు లేదు. తర్వాత ఇంకొకరు. అలా పదిమంది.

వరుస అయిపోయింది. గణేశ్వరరావు కుర్చీలో వెనక్కి వాలాడు. ఆయన కళ్ళు చెమర్చాయి.

“ఇదీ. ఇది నా ప్రోగ్రామే. బతికించేవు తల్లీ,” అన్నాడు.

సంతోషించే శక్తి కూడా సుష్మకి మిగల్లేదు. కాగితం ఆయన ముందు పెట్టి, పెన్ను మూత తీసి చేతికిచ్చింది. ఆయన పెన్ను పట్టుకుని అలాగే కూర్చున్నాడు.

“ఇంకా ఏం కావాలి బాబాయ్? అచ్చం పాతదానిలాగే చేశాను కదా. నా ఉద్యోగం పోతుంది,” అంది.

నూకన్న టీకి లేచి బయటికి వెళ్ళేదాకా ఆగి, ఆయన ముందుకి వంగాడు.

“కోప్పడకు తల్లీ, ఎవరితోనూ అనకు, నా వేలట్టుకుని సంతకం గీత మీద ఎట్టు, నేను అక్షరం చూసి నాలుగేళ్ళయింది.”