మూడో గిన్నె

“ముందు నువ్వు చూడమ్మా,” అన్నాడు పెద్దాయన, చెంచా శిష్యురాలి చేతికిస్తూ.

“యజమానిగారు మీ మాట కోసం కూర్చున్నారు సార్.”

“నా మాట ఎక్కడికీ పారిపోదులే. నేర్చుకోవాల్సింది నువ్వు కదా!”

బల్ల మీద మూడు పింగాణీ గిన్నెల్లో మూడు రకాల గ్రీన్ టీ పొగలు కక్కుతోంది. ఇవాళ ఏది నెగ్గితే ఏడాదంతా కంపెనీ అమ్మే సరుకు అదే. రుచి చూసి తేల్చడం పెద్దాయన ఉద్యోగం. ఆ నాలుకకి తిరుగులేదని పేరు. పేరు అలాగే ఉంది గానీ, మొన్న ఆఫీసంతా చుట్టబెట్టిన జ్వరంలో నాలుక మొద్దుబారిపోయింది. ముక్కూ దాని దారే పట్టింది. ఈ సంగతి బయటపడితే రేపటి నుంచి ఆయనకి ఈ గదిలో పని లేదు. శిష్యురాలు కూడా అదే జ్వరంతో మంచం పట్టింది గానీ, చిన్న వయసు, ఇట్టే లేచి తిరిగింది. అప్పటి నుంచి ఆయన ఆమె ముఖం చూసి నెట్టుకొస్తున్నాడు.

ఆమె మొదటి గిన్నెలోంచి సర్రుమని జుర్రి, పుక్కిలించి, బకెట్లో ఉమ్మి, గురువుగారి వైపు చూసింది. యజమాని గడియారం చూసుకోవడంతో కంగారుపడి, అప్పటికే పెద్దాయన నుదురు ముడేసుకుని ఉన్నాడు. ఆమె కూడా నుదురు ముడేసింది.

తనూ ఓ గుక్క జుర్రి, “ఇది పనికిరాదు,” అన్నాడు పెద్దాయన. “ఆకు ముదురు.”

“అసలీ పసరు నీళ్లు జనం ఎందుకు తాగుతారండీ?” అన్నాడు యజమాని. “నాకు కాఫీ తప్ప గొంతు దిగదు.”

పెద్దాయనకి ప్రాణం లేచొచ్చింది. రుచి సంగతి తప్ప ఇంకేది అడిగినా గడగడా చెప్పగలడు.

“పూర్వం దీన్ని మందుగానే తాగేవారు సార్. తిన్నది అరగడానికి, తలనొప్పికి, మత్తు వదలడానికి. గుండెకీ మేలంటున్నారు. అలాగని అమృతమేం కాదు,” అంటూ తల అడ్డంగా ఊపాడు. “పరగడుపున తాగితే కడుపులో మంట. పొద్దుపోయాక తాగితే జాగారమే.”

“బాగుంది. పెట్టె మీద మొదటి సగం అచ్చేయిద్దాం.”

ఈలోగా రెండో గిన్నె రుచి చూసిన శిష్యురాలు కూడా తల అడ్డంగా ఊపింది.

“రెండోదీ వద్దు,” అన్నాడు పెద్దాయన.

మిగిలింది ఒక్కటే. అదైనా గట్టెక్కించాలని మొక్కుకుంటూ, ఆశగా నవ్వుతూ ఆమెవైపు చూశాడు. మూడో గిన్నె జుర్రి తలెత్తిన ఆమె ముఖం వెలిగిపోయింది.

“ఇదే సార్! ఇలాంటి టీ తాగి ఎన్నాళ్లయిందో!”

యజమాని లేస్తూ ఆ గిన్నె మీదకి వంగి, ముక్కు చిట్లించాడు. “ఇదేంటి, బట్టల సబ్బు వాసనొస్తోంది?”

“కాఫీకి అలవాటైన ముక్కుకి అలాగే ఉంటుంది సార్,” అన్నాడు పెద్దాయన.

యజమాని నవ్వేసి, ఫోన్లో లారీలకి పురమాయిస్తూ వెళ్లిపోయాడు.

పెద్దాయన కుర్చీలో కూలబడ్డాడు. గండం గడిచినందుకు సంతోషం కన్నా సిగ్గే ఎక్కువ వేసింది. ఇంత మంచి పిల్ల దగ్గర ఇంకా దాచడం న్యాయం కాదనిపించింది.

“అమ్మా, ఇవాళ నా పరువు నిలబెట్టింది నువ్వే. జ్వరం తగ్గినా నాకు రుచీ వాసనా తిరిగి రాలేదు. అంతా నీ ముఖం చూసే చెప్పాను.”

శిష్యురాలి చేతిలో చెంచా జారి బల్ల మీద పడింది.

“నాకూ రాలేదు సార్, నేను మీ ముఖమే చూస్తున్నాను.”